మొక్కల రంగుల నూలు దారం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆర్గానిక్ నూలు కుట్టు దారానికి ఇంట్లోనే సహజ రంగులు వేసుకోవడం గురించే. బట్టకు రంగు వేయడం బాగా వచ్చినవాళ్లు కూడా దారం దగ్గరికొచ్చేసరికి తడబడుతున్నారు. మిషన్‌లో ఒక కుట్టుగా కుదురుకునేలోపు దారంలో ప్రతి చోటూ సూది బెజ్జంలోంచి పదులసార్లు ముందుకీ వెనక్కీ రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి రంగూ నిలవాలి, దారమూ నిలవాలి. చాలా ఉత్తరాల్లోని చిక్కులన్నీ తిప్పి తిప్పి అక్కడికే వస్తున్నాయి.

కింద చెప్పే కొలతలన్నీ 100 గ్రాముల పొడి దారానికి. నీళ్లు కనీసం 4 లీటర్లు ఉండాలి, దారం గిన్నెలో ఇరుక్కోకుండా కదలాలి. గిన్నె స్టెయిన్‌లెస్ స్టీలుదో, పెచ్చులూడని ఎనామెల్‌దో కావాలి. ఇనుము, రాగి, అల్యూమినియం గిన్నెలు రంగును మార్చేస్తాయి. రంగుకు వాడిన గిన్నె మళ్లీ వంటకు వాడొద్దు.

ప్రశ్న: రంగు వేయడానికి ఎలాంటి దారం కొనాలి? చేనేతకు వాడే నూలు చిలపలు (వదులుగా చుట్టిన నూలు చుట్టలు) చవగ్గా దొరుకుతున్నాయి. వాటికి రంగు వేసి మిషన్‌లో వాడుకోవచ్చా?

వాడకండి. నేతకు తయారైన నూలుకు పురి తక్కువ. మిషన్ సూదిలో కాసేపటికే పోగులు విడిపోయి, చివర కుంచెలా అయిపోయి తెగుతుంది. కుట్టు దారమంటే రెండు మూడు పోగుల్ని కలిపి గట్టిగా పురి పెట్టింది. పైగా మిషన్ దారానికి చివరి పురి జెడ్ దిశలో, అంటే ఇంగ్లీషు Z అక్షరం నడిమి గీత వాలినట్టు ఉంటుంది, మామూలు మిషన్ కదలిక ఆ పురిని విప్పదు. దానికి ఎదురు దిశలో పురి ఉన్న నూలు కుడుతున్నకొద్దీ విప్పుకుపోతుంది.

లేబుల్ మీద 50/3 అని ఉంటే 50వ నంబరు పోగులు మూడు కలిపారని అర్థం. టెక్స్ లెక్కలో అది సుమారు 35. టెక్స్ అంటే వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. కాబట్టి 100 గ్రాములంటే దాదాపు 2,800 మీటర్లు. ఒక చొక్కాకు 120 నుంచి 150 మీటర్లు పడుతుందనుకున్నా, 100 గ్రాములకు ఒకేసారి రంగు వేసుకుంటే చాలాకాలం వస్తుంది. రెండోసారి వేస్తే అదే రంగు రాదు. అందుకే ఒక పనికి కావలసిందంతా ఒకే వాయిలో వేసుకోండి.

మెర్సరైజ్డ్ అని రాసి ఉన్న దారం దొరికితే వదలొద్దు. కాస్టిక్ సోడా ద్రావణంలో బిగించి పట్టి శుద్ధి చేయడం వల్ల దానికి మెరుపు, బలం రెండూ ఎక్కువ, రంగు కూడా ముదురుగా పడుతుంది. గ్లేజ్డ్ దారం మాత్రం వద్దు. దాని మీద గంజి, మైనం కలిపిన పూత ఉంటుంది. చేత్తో క్విల్టింగ్ చేసుకోవడానికి అది బాగానే ఉంటుంది కానీ, రంగు నీళ్లను లోపలికి పోనివ్వదు.

ప్రశ్న: రీలుతో పాటే రంగులో ముంచితే పైన రంగు, లోపల తెలుపు వచ్చింది. చిలపగా చుట్టి వేస్తే ఈసారి జానెడుకొకచోట తెల్ల మచ్చలు. ఏం చేయాలి?

రీలుతో ముంచితే ఎప్పుడూ అంతే. మిల్లుల్లో కోనుల మీదే రంగు వేస్తారు కానీ, అక్కడ కోనుకు చిల్లులుంటాయి, రంగు నీటిని పంపుతో ఒత్తిడి పెట్టి లోపల్నుంచి బయటికి, బయట్నుంచి లోపలికి తోస్తారు. ఇంట్లో అది కుదరదు.

చిలప మంచి దారే. మీకు మచ్చలు పడింది కట్ల దగ్గర. చిలపను బిగించి కడితే బాంధనీ కట్టినట్టే, ఆ చోట రంగు దిగదు. కట్టు దారం నూలుదే అయ్యుండాలి. చిలపను మూడు నాలుగు పాయలుగా విడదీసి, కట్టు దారాన్ని ఒక పాయ పైనుంచి, మరో పాయ కిందనుంచి అల్లినట్టు తిప్పి ముడేయండి. ముడి వేశాక అందులో రెండు వేళ్లు సులువుగా దూరాలి. మీటరు, మీటరున్నర చుట్టుకొలత ఉన్న చట్రం మీద చుట్టిన చిలపకు నాలుగైదు చోట్ల ఇలాంటి కట్లు చాలు. దారం రెండు కొసల్నీ కలిపి వేరే రంగు దారంతో గుర్తు పెట్టుకోండి, తర్వాత విప్పేటప్పుడు కొస వెతుక్కునే తంటా తప్పుతుంది.

ఇంకొక సంగతి. ఇంత సన్నటి దారం 100 గ్రాములూ ఒకే చిలపగా చుట్టొద్దు. 25 గ్రాములవి నాలుగు చేసుకోండి. లావు చిలపలో మధ్య పోగులకు రంగు సరిగ్గా అందదు, చిక్కుపడితే ఒక పూట మొత్తం దానికే పోతుంది. గిన్నెలో గరిటెతో తిప్పకండి. చిలపలో నున్నటి కర్రో స్టీలు కడ్డీయో దూర్చి, పైకెత్తి, పట్టు మార్చి దింపండి.

ప్రశ్న: దానిమ్మ తొక్కల కషాయంలో దారాన్ని గంటసేపు ఉడికించాను. తీసినప్పుడు మంచి పసుపు. రెండు ఉతుకులకే వెలిసిపోయింది. పటిక కూడా వేశానే?

పటిక రంగు నీళ్లలోనే కలిపారని మీ ఉత్తరంలో ఉంది. పట్టు, ఉన్నితో అలా గడిచిపోతుంది, నూలుతో గడవదు. నూలు సెల్యులోజ్, అంటే మొక్కల పీచు పదార్థం. పటికలోని అల్యూమినియం దానికి సొంతంగా గట్టిగా అతుక్కోదు. మధ్యలో వగరు, అంటే టానిన్ ఉండాలి. నూలుకు టానిన్ అంటుకుంటుంది, టానిన్‌కు అల్యూమినియం, దానికి రంగు. ఈ వరస తప్పితే రంగు దారం మీద ఊరికే కూర్చుని, మొదటి సబ్బుకే లేచిపోతుంది. దానిమ్మ తొక్కలో టానిన్ ఉన్న మాట నిజమే కానీ, పటిక, రంగు, టానిన్ ఒకే నీళ్లలో కలిస్తే అవి దారం మీద కన్నా నీళ్లలోనే ఒకదాన్నొకటి పట్టుకుని అడుగున మడ్డిగా దిగుతాయి. గిన్నె అడుగున మీరు చూసిన పసుపు ముద్ద అదే.

మొదట శుభ్రం చేయాలి. పత్తి పీచు మీద సహజంగా మైనం, పెక్టిన్ ఉంటాయి. కుట్టు దారం మీదైతే ఫ్యాక్టరీలో జారుడు కోసం పూసిన మైనమో సిలికోనో కూడా ఉంటుంది. 5 గ్రాముల బట్టల సోడా, ఒక చెంచా ఘాటులేని లిక్విడ్ సబ్బు వేసి, సన్న మంట మీద గంట నుంచి గంటన్నర ఉంచండి. తెర్లించొద్దు. నీళ్లు టీ రంగుకు తిరిగితే ఆ నీళ్లు పారబోసి మరోసారి చేయాలి. అయిందో లేదో తేల్చుకోవడానికి, ఆరిన చిలప మీద ఒక నీటి చుక్క వేయండి. వేసిన క్షణమే ఇంకిపోవాలి. చుక్క ముత్యంలా నిలబడితే పూత ఇంకా ఉన్నట్టే, ముందుకు వెళ్లి లాభం లేదు. సిలికోన్ పూత మొండిది, రెండుసార్లు చేసినా చుక్క నిలబడే దారాన్ని రంగుకు పెట్టకండి.

తర్వాత వగరు పట్టించాలి. గింజ తీసేసిన కరక్కాయ పెచ్చుల పొడి 20 గ్రాములు వేడి నీళ్లలో నానబెట్టి, పల్చని గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లలో దారం వేయండి. చేయి పెట్టగలిగినంత వేడి చాలు. రెండు గంటలు ఉంచినా చాలు, రాత్రంతా ఉంటే మరీ మంచిది. వడకట్టకపోతే పొడి రేణువులు పురి సందుల్లో ఇరుక్కుంటాయి. బట్టనైతే దులిపేయొచ్చు, దారంలోంచి అవి పోవు, సూది దగ్గర అడ్డం పడతాయి. కరక్కాయ కొంచెం పసుపుపచ్చ ఛాయ ఇస్తుంది. లేత గులాబీ లాంటి రంగులు తేటగా కావాలంటే మాచికాయ పొడి వాడండి, దానిది దాదాపు రంగులేని టానిన్.

దారాన్ని పిండి, ఒక్కసారి మాత్రం నీళ్లలో జాడించి, పటికలోకి దింపండి. 20 గ్రాముల పటిక వేడి నీళ్లలో పూర్తిగా కరగనివ్వాలి. 3 గ్రాముల బట్టల సోడాను వేరే గ్లాసులో కరిగించి, పటిక నీళ్లలో కొద్దికొద్దిగా పోయాలి. పొంగుతుంది, కాబట్టి గిన్నె పెద్దదై ఉండాలి. సోడా ఎందుకంటే, పటిక నీళ్ల పులుపును కొంత తగ్గిస్తే అల్యూమినియం దారాన్ని బాగా పట్టుకుంటుంది. ఎక్కువైతే మాత్రం మొదటికే మోసం. నీళ్లు పాలలా తెల్లబడి అల్యూమినియం అడుగుకు దిగిపోతుంది, దారం మీద సుద్ద పూసినట్టు పొడి మిగులుతుంది. నీళ్లు తేటగా ఉన్నంతవరకే సోడా. ఇందులో కూడా కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా. తీసి, పిండి, ఒకసారి నీళ్లలో జాడించి, నీడన ఆరనివ్వండి. ఆరడం కూడా ఈ పనిలో భాగమే, తడి మీదే రంగులోకి దింపేవాళ్లకు రంగు కొంత పలచగా పడుతుంది.

ఇక దానిమ్మ. 100 గ్రాముల ఎండు తొక్కలు గంటసేపు ఉడికించి, వడకట్టి, ఆ కషాయంలో పటిక పట్టిన దారాన్ని గంటసేపు వేడి మీద ఉంచి, అందులోనే చల్లారనివ్వండి. బంతిపూలకైతే ఎండు రేకలు 50 నుంచి 100 గ్రాములు. పద్ధతి ఇదే.

ప్రశ్న: రంగు గట్టిపడడానికి ఉప్పు, వెనిగర్ వేయమని కొందరు, పాలలో ముంచమని కొందరు చెబుతున్నారు. ఏది నిజం?

నూలు మీద మొక్కల రంగుకు ఉప్పు ఏమీ చేయదు. రసాయన రంగుల్లో కొన్నింటిని నీళ్లలోంచి నూలు మీదికి తోయడానికి ఉప్పు పనికొస్తుంది, ఆ మాటే ఇక్కడికీ పాకింది. వెనిగర్ ఉన్నికి, పట్టుకు వాడే ఆమ్ల రంగులకు సంబంధించిన సంగతి.

పాలు, సోయా పాలు కొంత వేరు. వాటిలోని మాంసకృత్తు పీచు మీద పొరలా ఆరి రంగును పట్టుకుంటుంది. బట్ట మీద కలంతో గీసేటప్పుడు రంగు అలుక్కోకుండా ఆపడానికి పాలు పనికొస్తాయి. కానీ మిషన్ దారం మీద ఆ పొర ఎండి బిరుసెక్కి, సూది దగ్గర రాలుతుంది. దారానికి వద్దు.

ప్రశ్న: మంజిష్ఠతో ఎరుపు రావాలి కదా, నాకు ఇటుక రంగు, ఒకసారి పూర్తిగా గోధుమ రంగు వచ్చింది. పొడి మంచిదే.

వేడి ఎక్కువైంది. మంజిష్ఠ వేరులో ఎరుపుతో పాటు పసుపు, గోధుమ ఛాయలిచ్చేవి కూడా ఉంటాయి. నీళ్లు తెర్లితే అవి ముందుకొచ్చి ఎరుపును మసకేస్తాయి. థర్మామీటరు కొనండి, ఈ రంగుకు కళ్లతో అంచనా కుదరదు. 50 నుంచి 100 గ్రాముల పొడిని రాత్రే నానబెట్టండి. మర్నాడు పొడిని గుడ్డ సంచిలో కట్టి గిన్నెలో ఉంచి, దారం వేసి, గంటసేపట్లో మెల్లగా 60-65 డిగ్రీలకు తీసుకురండి. అక్కడే ఇంకో గంట నిలపండి. 75 దాటనివ్వొద్దు. రంగు నీళ్లలోనే చల్లారనివ్వండి.

నీళ్లలో సున్నపు గుణం ఉంటే ఈ రంగుకు మేలే, ఎరుపు తేరుతుంది. వాన నీళ్లో ఆర్‌వో నీళ్లో వాడుతుంటే లీటరుకు ఒక గ్రాము సుద్దపొడి కలపండి. నీళ్లలో ఇనుము ఉంటే మాత్రం ఏం చేసినా ఎరుపు రాదు, మట్టి రంగే. బకెట్ అంచున తుప్పు చార కట్టే బోరు నీళ్లయితే ఈ పనికి పెట్టకండి.

ప్రశ్న: నీలిమందులో ఆరుసార్లు ముంచిన దారం ముదురు నీలంగా ఉంది. కుడుతుంటే మాత్రం వేళ్లకు, మిషన్ టెన్షన్ బిళ్లల మీద నీలం పొడి. దారాన్ని అడ్డంగా కత్తిరించి చూస్తే లోపల తెల్లగా ఉంది. పటిక సరిపోలేదా?

నీలికి పటికతో పనే లేదు, దాని దారి వేరు. నీలి నీళ్లలో కరగదు. క్షారపు నీళ్లలో ఆక్సిజన్ లేకుండా చేస్తే కరిగే రూపంలోకి మారి పీచులోకి దిగుతుంది. బయటికి తీయగానే గాలి తగిలి మళ్లీ కరగని నీలంగా మారి అక్కడే చిక్కుకుంటుంది. పీచు లోపలికి దిగాక మారితే పక్కా రంగు. దారం పైనే మారిపోతే పొడి.

గట్టి పురి ఉన్న కుట్టు దారంలో లోపలిదాకా రంగు దిగడం కష్టం. మధ్యలో కాస్త తెలుపు మిగలడం నీలి స్వభావమే, దాన్ని పూర్తిగా పోగొట్టలేం. తగ్గించొచ్చు. మీరు ముదురు నీలిలో తక్కువసేపు, ఎక్కువసార్లు ముంచినట్టున్నారు. పలచటి నీలిలో ప్రతిసారీ 10-15 నిమిషాలు ఉంచితే లోపలికి దిగే వ్యవధి దొరుకుతుంది. ముంచే ముందు దారాన్ని గోరువెచ్చని నీళ్లలో గంట నానబెట్టి, గాలి బుడగలు పోయేలా నీళ్లలోనే పిసికి, పిండి, అప్పుడు దింపాలి. దారంలో గాలి చిక్కుకుని ఉంటే నీలి లోపలికి వెళ్లకముందే అక్కడే నీలంగా మారిపోతుంది.

ఇంట్లో చేసుకోవడానికి తేలిక లెక్క 1-2-3. ఒక పాలు నీలిపొడి, రెండు పాళ్లు పొడి సున్నం, మూడు పాళ్లు ఫ్రక్టోజ్ (పండ్ల చక్కెర). 4 లీటర్ల నీళ్లకు 10, 20, 30 గ్రాములతో మొదలుపెట్టండి. నీలిపొడిని ముందు కొద్ది వేడి నీళ్లతో ఉండలు లేకుండా కలపాలి. అంతా వేసి నెమ్మదిగా కలిపి, 45-50 డిగ్రీల దగ్గర ఉంచితే గంట రెండు గంటల్లో పైన రాగి మెరుపుతో పొర కడుతుంది. పొరను పక్కకు తోసి చూస్తే కింద నీళ్లు పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో తేటగా కనిపించాలి. నీలంగా కనిపిస్తే ఇంకా కాలేదు. అలాంటి నీళ్లలో ముంచిందంతా పైపూతే, పొడిగా రాలిపోతుంది. మీ రెండో అనుమానం అక్కడ పెట్టుకోండి. అడుగున సున్నం మడ్డి పేరుకుంటుంది, చిలప దానికి తగలకుండా మధ్యలో జల్లెడో వలో పెట్టండి. చేతికి తొడుగులు తప్పనిసరి, సున్నపు నీళ్లు చర్మాన్ని కొరుకుతాయి.

తీసేటప్పుడు చిలపను నీళ్లలోనే పిండి, మెల్లగా పైకి తీయండి. పోగులు విడదీస్తూ 15 నిమిషాలు గాలికి తిప్పండి. ఆకుపచ్చ పూర్తిగా నీలం అయ్యాకే మళ్లీ ముంచాలి. అంతా అయ్యాక వెంటనే ఉతకొద్దు. ఒక రోజు ఆరనిచ్చి, జాడించి, లీటరుకు రెండు చెంచాల వెనిగర్ కలిపిన నీళ్లలో సున్నాన్ని వదిలించండి. ఆ తర్వాత సబ్బు నీళ్లలో 15 నిమిషాలు కాచండి. దీన్ని చాలామంది దాటేస్తారు. రాలాల్సిన నీలమంతా ఇక్కడే రాలిపోతుంది, కుట్టేటప్పుడు రాలదు. ఇప్పటికే రంగు వేసిన మీ దారాన్ని కూడా ఇలా కాచి చూడండి, ఛాయ కొంత తగ్గుతుంది కానీ వాడుకోదగ్గ దారం మిగులుతుంది.

ఆకుపచ్చ కోసం పసుపు మీద నీలి వేద్దామా అని ఇంకొకరు అడిగారు. ముందు నీలి, తర్వాత వగరు, పటిక, చివర పసుపు. తలకిందులు చేస్తే నీలిలోని సున్నం కింద ఉన్న పటికనూ టానిన్‌నూ పాడుచేస్తుంది.

ప్రశ్న: రంగు బాగా కుదిరింది, ఉతికినా పోవడం లేదు. మిషన్‌లో మాత్రం నిమిషానికోసారి తెగుతోంది. రంగు వేయకముందు ఇదే దారం చక్కగా నడిచింది.

ముందు ఎలా తెగుతోందో చూడండి. తెగిన కొస కుంచెలా విచ్చుకుంటే అది రాపిడి. కత్తిరించినట్టు నున్నగా ఉంటే దారమే బలహీనపడింది, లేదా టెన్షన్ ఎక్కువైంది. ఇంకో పరీక్ష. రంగు వేయని దారం, వేసిన దారం చెరో మూర తీసుకుని చేత్తో లాగి తెంపండి. రెండూ దాదాపు ఒకే బలంతో తెగితే రంగు వల్ల బలం పోలేదు, జారుడు పోయింది.

ఎక్కువగా జరిగేది ఈ జారుడు పోవడమే. శుభ్రం చేసేటప్పుడు ఫ్యాక్టరీ మైనం పోయింది కదా, దాన్ని మళ్లీ పెట్టాలి. చేతికుట్టుకైతే దారాన్ని తేనెమైనం ముక్క మీదుగా లాగి, పాత కాగితం మధ్య పెట్టి ఒకసారి ఇస్త్రీ చేస్తే సరి. మిషన్ దారానికి చిలప నుంచి రీలుకు చుట్టేటప్పుడే, దారం ఒక గట్టి పారాఫిన్ మైనం బిళ్లను రాసుకుంటూ వెళ్లేలా అమర్చండి. గాడి పడకుండా బిళ్లను అప్పుడప్పుడు తిప్పాలి. మైనం కంటికి కనబడితే ఎక్కువైనట్టే, టెన్షన్ బిళ్లల మధ్య పేరుకుని అది ఇంకో తలనొప్పి.

తర్వాత సూది. టెక్స్ 35 దారానికి మామూలుగా 80 నంబరు సూది సరిపోతుంది. ఇంట్లో రంగు వేసిన దారానికి 90 పెట్టండి. ఉడికించినప్పుడు నూగు లేచి దారం కాస్త లావెక్కుతుంది, బెజ్జం పెద్దదైతే రాపిడి తగ్గుతుంది. పై టెన్షన్ అర చుట్టు వదులు చేయండి. బాబిన్‌లోనూ అదే దారం పెట్టండి. పైన నూలు, కింద పాలియెస్టర్ పెడితే సాగే గుణం తేడా వచ్చి నూలు కుట్టు తెగుతుంది. నూలు దారం నూగు ఎక్కువ రాలుస్తుంది, బాబిన్ కేసును ప్రతి రెండు బాబిన్లకోసారి బ్రష్‌తో దులపండి. సాగే బనీను గుడ్డకు మాత్రం నూలు దారం వద్దు, ఎంత మైనం పెట్టినా గుడ్డ సాగినప్పుడు కుట్టు తెగుతుంది.

చేత్తో లాగినప్పుడే పుటుక్కుమంటే మూడు కారణాలు చూడండి. పటిక సరిగ్గా జాడించకుండా ఎండబెట్టడం, సోడాలో గంటల తరబడి తెర్లించడం, మూడోది అన్నభేది (ఇనుము లవణం, ఫెర్రస్ సల్ఫేట్). ఆ చివరిది వేరే ఉత్తరంలోనూ వచ్చింది కాబట్టి కిందే చెబుతున్నాం.

ప్రశ్న: కరక్కాయ మీద అన్నభేది వేస్తే మంచి నలుపు వచ్చింది. ఇంకా చిక్కటి నలుపు కోసం మోతాదు పెంచొచ్చా?

పెంచకండి. 100 గ్రాములకు 2 గ్రాములు, మహా అయితే 3. గోరువెచ్చని నీళ్లలో 15 నిమిషాలు కదుపుతూ ఉంచి, నాలుగైదు నీళ్లు మార్చి జాడించాలి. ఇనుము, టానిన్ కలిసిన నలుపు నూలును కాలక్రమేణా తినేస్తుంది. పాత అద్దకపు బట్టల్లో నల్ల గీత ఉన్నచోటే గుడ్డ చిల్లులు పడి ఉండడం మ్యూజియాల్లో చూస్తాం. బట్టలో ఒక గీత పోతే గీతే పోతుంది, దారంలో బలం పోతే కుట్టు మొత్తం విడిపోతుంది.

చిక్కటి నలుపు కావాలంటే ముందు నీలిలో మధ్యస్థంగా ముంచి, దానిమీద కరక్కాయ, చివర ఒక్క గ్రాము అన్నభేది వేయండి. అప్పుడు కూడా ఈ దారాన్ని ఎంబ్రాయిడరీకి, పై కుట్లకు ఉంచి, చంక, పిరుదు లాంటి బరువు పడే కుట్లకు వేరే రంగు వాడడం మా సలహా. అన్నభేది పిల్లలకు అందనిచోట పెట్టండి, మింగితే ప్రమాదం.

ప్రశ్న: ఎర్ర దారంతో తెల్ల చొక్కా మీద కుట్టాను. ఉతికితే కుట్టు వెంబడి గులాబీ చార వచ్చింది.

అంటుకోని రంగు దారంలోనే మిగిలిపోయింది. రంగు వేశాక చల్లనీళ్లలో జాడించడం చాలదు. వేడి నీళ్లలో ఘాటులేని సబ్బు వేసి పది నిమిషాలు, నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి చేయాలి. తెల్ల బట్ట మీద వాడే ముందు చిన్న పరీక్ష పెట్టండి. తెల్ల గుడ్డ ముక్క మీద పది కుట్లు వేసి, 60 డిగ్రీల సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా తడిగానే మడిచి ఆరనివ్వండి. మడతలో అచ్చు పడితే దారాన్ని మళ్లీ ఉతకాలి.

ఉతికే సబ్బు సంగతి కూడా చూసుకోండి. బట్టల సబ్బులు, పొడులు క్షార గుణం గలవి. వాటితో మంజిష్ఠ ఊదా వైపు, దానిమ్మ పసుపు గోధుమ వైపు తిరుగుతాయి. అది రంగు పోవడం కాదు, మారడం. ఘాటులేని లిక్విడ్‌తో ఉతికితే ఈ బెడద ఉండదు.

ప్రశ్న: పసుపు, బీట్‌రూట్, మందారం, ఎర్ర క్యాబేజీ. వీటితో దారానికి రంగు వేయొచ్చా?

వేయొచ్చు, నిలవవు. పసుపు పటిక లేకుండానే నూలుకు పడుతుంది కానీ ఎండకు అన్నిటికన్నా త్వరగా వెలుస్తుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. బీట్‌రూట్, మందారం, క్యాబేజీ రంగులు కూరకు, షర్బత్‌కు పనికొచ్చేవి. జాఫ్రా గింజల నారింజ కూడా ఎండకు ఆగదు. దారం విషయంలో ఇది మరీ ఇబ్బంది. బట్ట వెలిస్తే మొత్తం ఒకేలా వెలుస్తుంది, బట్ట ఉండి దారం వెలిస్తే ప్రతి కుట్టూ పళ్లికిలిస్తుంది.

ఏ రంగునైనా నమ్మే ముందు అట్టముక్కకు దారం చుట్టి, సగం నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీలో మూడు వారాలు ఉంచండి. నీలి, మంజిష్ఠ, దానిమ్మ, కాచు బాగా నిలబడతాయి. బంతి మధ్యరకం. ఇంకో మాట, రీలు మీద కనిపించే ఛాయ కన్నా కుట్టాక దారం లేతగా కనిపిస్తుంది. బట్టకు జత చూసేటప్పుడు ఒక మెట్టు ముదురుదే ఎంచుకోండి.

ప్రశ్న: "ఆర్గానిక్, సహజ రంగు" అని అమ్మే దారాన్ని ఎలా నమ్మాలి? ఇంట్లో పరీక్షించే దారి ఉందా?

ఆ రెండు మాటలూ వేరువేరు సంగతులు. ఆర్గానిక్ అన్నది పత్తి ఎలా పండించారన్నది, రంగుతో దానికి సంబంధం లేదు. ఆర్గానిక్ పత్తి దారానికి రసాయన రంగు ఉండొచ్చు, మామూలు పత్తి దారానికి మొక్కల రంగు ఉండొచ్చు. గాట్స్ (గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్ అనే అంతర్జాతీయ ప్రమాణం) ముద్రలో 'ఆర్గానిక్' అని రాయాలంటే పీచులో కనీసం 95 శాతం, 'ఆర్గానిక్ పీచుతో తయారైనది' అనాలంటే కనీసం 70 శాతం ఆర్గానిక్ ఉండాలి. బట్ట మీద ఆ ముద్ర ఉన్నంత మాత్రాన దాన్ని కుట్టిన దారం కూడా ఆర్గానిక్ నూలే అనుకోవద్దు, కుట్టు దారాన్ని అక్కడ ఉపకరణంగా లెక్కిస్తారు. దారం కొనేటప్పుడు దారానికే విడిగా ధ్రువపత్రం ఉందా అని అడగండి.

ఇంట్లో తేల్చగలిగింది నూలా కాదా అన్నది మాత్రమే. కొస వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. రంగు మొక్కదా కాదా అన్నది ఇంట్లో తేలదు. నీలి విషయంలో అసలే తేలదు, చెట్టు నుంచి వచ్చినా ఫ్యాక్టరీ నుంచి వచ్చినా నీలం అణువు ఒకటే. అమ్మేవాళ్లను ఏ మొక్క, ఏ మోర్డెంట్ (పటికలా రంగును దారానికి పట్టించేది) అని అడగండి. తెలిసి చేసినవాళ్లు వెంటనే చెబుతారు.

ప్రశ్న: కరక్కాయ దారంతో కుట్టిన బట్టలో గుండుసూదులు ఉంచాను. రెండ్రోజులకు సూది ఉన్నచోట నల్ల చుక్కలు వచ్చాయి. పోతాయా?

బట్ట తడిగా ఉండి ఉంటుంది. సూదిలోని ఇనుము తడికి కరిగి దారంలోని టానిన్‌తో కలిస్తే నల్ల సిరానే తయారవుతుంది. చెమట చేతులు కూడా చాలు. చుక్క కొత్తదైతే నిమ్మరసం పలచగా కలిపిన నీళ్లు అద్ది, అయిదు నిమిషాల్లో బాగా కడిగేయండి. కొంత తగ్గుతుంది, కాకపోతే దారం రంగు కూడా అక్కడ లేతబడొచ్చు, కాబట్టి ముందు లోపలి అంచున చూసుకోండి. పాత చుక్క పోదు, ఆ నాలుగు కుట్లూ విప్పి మళ్లీ వేసుకోవడమే. ఇకముందు స్టెయిన్‌లెస్ స్టీలు గుండుసూదులు వాడండి, కుట్టు ఆపి లేచేటప్పుడు సూదిని బట్టలో గుచ్చి వదలకండి.